మన యింటిపేరు ఏ కాగితమున నున్నది?

(తలిదండ్రుల సభలో చదివిన ప్రసంగము)



బరంపురమున మన పిల్లలకు తెలుగు చెప్పించుట యెందులకను ప్రశ్నకు ఏటేట మన సభలలో సమాధానములు చెప్పుచునే యున్నాము. భాషాభిమానమును గూర్చియు, మాతృభాషలో విద్య సుగమమగుటను గూర్చియు మీరందరును పలుమారులు వినియున్నారు. నేడు ఆ మాటలు కట్టిపెట్టి, మీ యిండ్లలో ఇనుప పెట్టెల యడుగునను అటకలమీదను పడియున్న పాత కాగితములను గూర్చి మాటలాడదలచితిమి. ఆ కాగితములు ఇంకను ఉన్నవి. వానిని చదువగల కన్నులే యింటింటను తగ్గిపోవుచున్నవి.

మొదట ఒక చిక్కు చెప్పెదము. పాఠశాలలో చేర్చుటకు పిల్లవానిని తెచ్చినవారిని “ఇంటిపేరేమి?” అని యడిగినచో “రావు” అనియో, “మూర్తి” అనియో చెప్పువారు నేడు పలువురు. రావు ఇంటిపేరు కాదు. అది తాతగారి పేరు చివర నున్న గౌరవపదము. తెలుగువారికి ఇంటిపేరు ముందు వచ్చును. ఒడియా వారికి వెనుక వచ్చును. దరఖాస్తు కాగితములోని గడులు రెండవ పద్ధతి ననుసరించి గీసినవి. గుమాస్తా పేరులోని చివరి మాటను తీసి ఇంటిపేరు గడిలో వేసెను. అసలు ఇంటిపేరు ఒక పొడి అక్షరముగా మిగిలెను. మరుసటి తరమునకు ఆ అక్షరము దేనికి గురుతో తెలియకుండ పోయెను. ఇది ఎవరి ద్రోహమును కాదు, గడులు చేసిన పని.

మే మెరిగిన యొక కుటుంబమున అన్నకు ఇంటిపేరు నిలిచినది, తమ్ముడు “రావు” అయినాడు. తండ్రి పోయిన పిమ్మట వారసత్వపు ధ్రువపత్రమునకు పోగా, వీరిద్దరును ఒక్క తండ్రి బిడ్డలేనా యను సందేహము పుట్టినది. ఏడాదిన్నర తిరిగిరి. తుదకు వారిని గట్టెక్కించినది తాతగారు మైనరు మనుమలిరువురి పేరను వ్రాసిన దానపత్రము. అందులో పిల్లలిద్దరి పేర్లును, వారి తండ్రి పేరును, ఇంటిపేరుతో సహా స్పష్టముగా నుండెను. అది తెలుగున వ్రాసినది. అన్నదమ్ములలో ఒక్కరును దానిని చదువలేకపోయిరి. ఇరువది సంవత్సరములుగా అది వారి బీరువాలోనే యున్నది.

ఇట్టి కాగితములు మన కెచ్చట దొరకును? మన ప్రాంతపు చరిత్ర తెలిసిననే గాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు రాజధానిలోనిది. ఆ దినమున ఒరిస్సా రాష్ట్ర మేర్పడగా జిల్లాలో చాల భాగము ఇటు వచ్చినది. దక్షిణపు తాలూకాలు విశాఖపట్టణము జిల్లాలో చేరి, 1950లో శ్రీకాకుళము జిల్లాలోనికి పోయినవి. పర్లాకిమిడి జమీ రెండు ముక్కలైనది. 1992లో పర్లాకిమిడి ప్రాంతము గజపతి జిల్లాగా గంజాం నుండి విడిపోయినది. మనుష్యులు ఇల్లు కదలకయే నాలుగు కచేరీల క్రింద నుండిరన్నమాట. వారి కాగితములు మాత్రము ఏ కచేరీలో పుట్టినవో ఆ కచేరీ వెంట నడచినవి. కావున ముత్తాతగారి నాటి సంగతి వెదకువారు ఛత్రపురము కలెక్టరు కచేరీతో సరిపెట్టుకొనరాదు. భువనేశ్వరములోని రాష్ట్ర పత్రభాండాగారమును, చెన్నపట్టణము ఎగ్మూరులో ఎఱ్ఱని యిటుకల భవనములో నున్న తమిళనాడు ఆర్కైవ్సును చూడవలసియుండును. ఈ రెండవదానిని మన పెద్దలు మద్రాసు రికార్డు ఆఫీసనెడివారు. తెలుగువాని పుట్టుపూర్వము ఒడిస్సాలో నుండి తమిళదేశమునకు పోయి వెదకవలయునన్న నవ్వు వచ్చును గాని, దారి అదియే.

ఆ భాండాగారములలో మనవంటివారికి అన్నిటికంటె పనికివచ్చునవి ఇనాము రిజిస్టర్లు. 1858లో మద్రాసు ప్రభుత్వమువారు ఇనాము కమీషనును నియమించి, గ్రామగ్రామమునను పన్ను లేకయో, తక్కువ పన్నుతోనో అనుభవించుచున్న భూములను విచారింపించిరి. అగ్రహారికులు, అర్చకులు, కరణములు, గ్రామసేవకులు, సత్రములవారు, చెఱువుల మరమ్మతు చూచువారు, అందరును తమ హక్కు నిరూపించుకొనవలసివచ్చెను. అందుచేత దానమిచ్చిన ప్రభువెవరు, పుచ్చుకొన్న మొదటి పురుషుడెవరు, ఏ సంవత్సరమున, ఇప్పు డనుభవించువాడెవరు, అతని వయస్సెంత, మొదటివానికి ఇతడేమి కావలెను అను వివరములన్నియు గడులుగా వ్రాసిరి. ఒక్క పుటలో మూడు నాలుగు తరములు దొరకిన సందర్భములున్నవి. పన్ను వేయవలెనా మానవలెనా యని తేల్చుకొనుటకు ప్రభుత్వము చేసిన యీ పని, తెలియకయే మనకు వంశవృక్షములను నాటిపెట్టినది.

ఇనాము లేనివారికి సెటిల్మెంటు రిజిస్టర్లు. రైతువారీ గ్రామములలో ఇవి ఇంగ్లీషులోను దేశభాషలోను ఎదురెదురుగా అచ్చొత్తబడినవి. వీనినే కరణములు డైగ్లాటు లనెడివారు. సర్వే నంబరు వెంట పట్టాదారు పేరుండును. జమీందారీ గ్రామముల సంగతి వేరు. ఆ లెక్కలు జమీ కచేరీలవి. 1951 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీలు పోయినవి. ఆ కవిలెకట్టలలో కొన్ని ప్రభుత్వమునకు చేరినవి, కొన్ని చెదలకు చేరినవి.

రిజిస్ట్రారు కచేరీ అందరికిని దగ్గరది. స్థిరాస్తి దస్తావేజులు రిజిస్టరు చేయుట 1864 చట్టముతో మొదలై, నేటికిని 1908 నాటి చట్టము ననుసరించి సాగుచున్నది. దస్తావేజు నకలు ఒకటవ పుస్తకములో నుండును. వీలునామాలు మూడవ పుస్తకములో నుండును. పేర్ల పట్టిక యొకటి, ఆస్తుల పట్టిక యొకటి వేరువేరుగా నుండును. పేరు తెలియనిచో గ్రామము పట్టియు, గ్రామము తెలియనిచో పేరు పట్టియు వెదకవచ్చును. దస్తావేజు చేతికి వచ్చినపుడు సొమ్మెంత, భూమి యెంత యని మాత్రమే చూచి ముడిచిపెట్టుట మనవారి యలవాటు. మా మనవి యేమన, హద్దులు చదువుడు. తూర్పున ఎవరి యిల్లు, పడమర ఎవరి దొడ్డి యని వ్రాసియుండును. ఆ పొరుగువాడు తఱచుగా పాలివాడే. సాక్షుల పేర్లు చదువుడు. బావమఱదియో మేనమామయో సాక్షి సంతకము చేసియుండును. దస్తూరి యెవరిదో చూడుడు. ఒకే వ్రాయసకాని దస్తూరి పది దస్తావేజులలో కానవచ్చినచో ఆ పది కుటుంబములును ఒక్క వీధివని ఊహించుటకు వీలుండును. ఇంతకు మించి ఊహించుట మంచిది కాదు.

తేదీల విషయమున మన ప్రాంతమునకు ప్రత్యేకమైన యొక కష్టము కలదు. తెలుగు పెద్దలు సంవత్సరముల పేర్లు వాడిరి. అవి అరువది యేండ్ల కొకమారు తిరిగివచ్చును. “ధాత సంవత్సరమున తాతగారు ఇల్లు కట్టిరి” అన్నచో 1876-77 కావచ్చును, 1936-37 కావచ్చును. మొదటిది కరవు కాలము, రెండవది ఒరిస్సా యేర్పడిన యేడు. రెంటికిని నడుమ రెండు తరములు. శిస్తు రసీదులో ఫసలీ యున్నచో చిక్కు తీరును. ఫసలీకి 590 కలిపిన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును, అది జూలైలో మొదలగును. 1286 ఫసలీ యైనచో మొదటి ధాత, 1346 ఐనచో రెండవది.

ఒడియా కాగితములలో మరియొక లెక్క కలదు. అది అంకము, అనగా గజపతి మహారాజుల పాలనా సంవత్సరము. ఇందు ఒకటవ అంకమును లెక్కింపరు. ఆరుతో ముగియు సంఖ్యలను విడిచెదరు. సున్నతో ముగియు వానిలో పదిని మాత్రముంచి తక్కినవానిని విడిచెదరు. కావున 21వ అంకమని యున్నచో అది పదునేడవ యేడే. భాద్రపద శుద్ధ ద్వాదశినాడు సంవత్సరము మారును. 1865-66లో ఈ దేశమును పీడించిన మహాక్షామమును ఒడియా వారు “నఅంక” దుర్భిక్షమందురు, తొమ్మిదవ అంకమునాటి దని యర్థము. నిజమునకు అది ఆ ప్రభువునకు ఏడవ యేడు. ఈ లెక్క తెలియక, తాత పుట్టకముందే తండ్రి పెండ్లి యైనట్లు వంశవృక్షము గీసికొనుటకు అవకాశమున్నది.

ఇక వార్తాపత్రికలు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1908లో బొంబాయిలో వారపత్రికగా స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసునకు వచ్చి దినపత్రిక యయ్యెను. బందరు నుండి కృష్ణాపత్రిక 1902 మొదలుకొని వెలువడెను. 1938లో ఆంధ్రప్రభ వచ్చెను. ఈ పత్రికలలో పెద్ద నాయకుల యుపన్యాసములను వెదకువారు వేరు. మనము చూడవలసినవి చివరి పుటలు, చిన్న యక్షరములు. కోర్టు వేలపు నోటీసులు, దివాలా పిటిషన్లు, దత్తత ప్రకటనలు, భాగస్వామ్యము రద్దు చేసికొన్నట్లు వర్తకుల ప్రకటనలు, మరణవార్తలు, పరీక్షలో నెగ్గినవారి పేర్లు అచ్చటనే యుండును. “నా కుమారుడు చేయు అప్పులకు నేను బాధ్యుడను కాను” అను ధోరణిలో తండ్రులు వేయించిన ప్రకటనలు కూడ నుండును. అట్టిది మీ యింటివారిదే యైనచో నొచ్చుకొనకుడు. తండ్రి పేరు, కొడుకు పేరు, ఊరు, తేదీ నాలుగును ఒక్కచోట దొరకుట సామాన్యము కాదు.

మన జిల్లావారికి మరియొక సందర్భము కలదు. గంజాం ఎవరికి చెందవలయునను వివాదము ముప్పది యేండ్లు నడచినది. 1924లో ఫిలిప్, డఫ్ అను ఇద్దరధికారులు విచారణకు వచ్చిరి. 1931లో ఓడొనెల్ గారి యధ్యక్షతన సరిహద్దుల సంఘ మేర్పడెను. ఇరుపక్షములవారును సభలు జరిపిరి, మహజరులు పంపిరి. ఆనాటి పత్రికలలో సభలకు వచ్చినవారి పేర్లు ఊరూరి వరుసను కనబడును. ఆ తగవు తీరి దాదాపు తొంబది యేండ్లయినది. నేడు ఆ పుటలు చదువువారికి పక్షముతో పనిలేదు, పేర్లతోనే పని.

ఈ పత్రికలను చూచుటకు పూర్వము వేటపాలెము సారస్వత నికేతనము వంటి గ్రంథాలయములకు పోయి దినముల తరబడి కూర్చుండవలసియుండెను. 1918లో స్థాపితమైన ఆ గ్రంథాలయము పాత సంచికలకు పేరుపొందినది. ఇప్పుడు ప్రెస్ అకాడమీవారు పాత తెలుగు పత్రికల పుటలను ఛాయాచిత్రములు తీయించి అంతర్జాలమున నుంచిరి. పిల్లల చేతిలోని ఫోనులో 1914 నాటి పుట తెరచుకొనును. అయితే ఆ పుట బొమ్మయే. పేరు కొట్టిన వెంటనే వెదకి యిచ్చు సౌకర్యము ఈ పాత యచ్చునకు నమ్మదగినట్లు లేదు. తేదీ ఉజ్జాయింపుగా తెలిసికొని, పుట తరువాత పుట కంటితో చదువవలెను. తెలుగు చదువగల పిల్ల యుండవలెను.

కొన్ని వెదకి ప్రయోజనము లేనివియు కలవు. జనాభా లెక్కలలో ముత్తాతగారి పేరుండునని పలువురు తలంతురు. లెక్కలు అచ్చగును గాని, ఇంటింటి పత్రములు చూచుటకు వీలులేదు. జనన రిజిస్టర్లు చూడవచ్చును గాని, నామకరణమునకు ముందే వ్రాయించుటచే చాలచోట్ల “మగ శిశువు” అని మాత్రమే యుండును. తండ్రి పేరును, తేదీని పట్టుకొని గుర్తింపవలెను.

ఇప్పుడు కొంత కఠినమైన మాట. ఇంతవరకు చెప్పినదంతయు భూమి యున్నవారి సంగతి, అందును మగవారి సంగతి. ఈ సభలో కూర్చున్నవారిలో సగముమంది పూర్వులకు సెంటు భూమి లేదు. వారి పేరు ఏ డైగ్లాటులోను లేదు. అయినను వారు జాడ లేకుండ పోలేదు. 1860 నవంబరులో ట్రూరో యను నావ మద్రాసు నుండి డర్బను చేరినది మొదలు 1911 వరకు దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఒప్పందపు కూలీలుగా పోయినవారిలో మన ఉత్తర సర్కారులవారు వేలకొలదిగా నుండిరి. ఆ నావల జాబితాలలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపై గురుతులు వ్రాసియున్నవి. మారిషసునకు పోయినవారి పత్రములు అచ్చటి మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా నున్నవి. కొందరివి ఛాయాచిత్రములు కూడ కలవు. భూస్వామి ముత్తాత రూపము మనకు తెలియదు, కూలివాని రూపము తెలియును. గోపాలపురము రేవున ఓడ యెక్కి రంగూనునకు పోయినవారి సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. కోరంగి రేవు పేర బర్మావారు తెలుగువారినందరిని కోరంగీలనిరి. 1930లో రంగూను రేవులో అల్లరులు జరిగినవి. 1942లో అడవులు నడచి తిరిగివచ్చిరి. ఆ కుటుంబములలో ఒక మనియార్డరు రసీదు ముక్క యున్నను దానిని పారవేయకుడు.

స్త్రీల పేర్లు దొరకుట మరింత కష్టము. వంశవృక్షములు గీసిన మన పెద్దలు కూతుండ్రను కొమ్మలుగా లెక్కింపలేదు. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికల జాబితాలలో తమ పేరు చెప్పక, ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి యని వ్రాయించుకొన్న స్త్రీలు దేశమున దాదాపు 28 లక్షలమంది యుండగా, ఆ నమోదులను తొలగింపవలసివచ్చెను. అయితే పసుపుకుంకుమల క్రింద కూతునకు భూమి యిచ్చిన దానపత్రములలో ఆమె పేరు, భర్త పేరు, అత్తవారి యూరు ఉండును. వితంతువులు మనోవర్తికై వేసిన దావాలలో వారి మాటలే యుండును. మీ యింటి పటములో తాతగారి ప్రక్కనున్న గడిలో “భార్య” అని వ్రాసి యూరకుండకుడు. అమ్మమ్మను, నాయనమ్మను ఈ వారమే వారి తల్లి పేరును, ఆమె పుట్టింటి యింటిపేరును అడిగి వ్రాసికొనుడు. ఏ భాండాగారమునను లేని దది, వారితోనే పోవును.

తీర్థములలోని పండాల పుస్తకములను గూర్చి కూడ ఒక మాట. పూరి, గయ, కాశి క్షేత్రములలో యాత్రికుల పేర్లు, ఊళ్లు, తరములు వ్రాసియుంచు పండా కుటుంబములు కలవు. శ్రాద్ధమునకు పోయినవారు తమ పేర్లు చేర్చి వచ్చుటతో తృప్తి పడక, పూర్వుల పేర్లు కూడ చదివించుకొని రావలెను.

వెదకువారికి ఎదురగు ఆశ యొకటి కలదు. ప్రతి కుటుంబమును ఏదో యొక మంత్రి వంశమో, దండనాథుని వంశమో కావలెనని యుండును. మెకంజీ దొర సేకరింపించిన కైఫీయతులలోను, దండకవిలెలలోను తమ యింటిపేరును పోలిన పేరు కనబడగానే, నడుమ రెండువందల యేండ్లు శూన్యముగా నున్నను దూకి ముడివేయువారిని చూచితిమి. ఒకే యింటిపేరు ఒక యూరిని బట్టి అనేక కులములవారికి కలుగును. పేరు కలసినంత మాత్రమున రక్తము కలియదు. మన పట్టణపు దేరా నేతగాండ్రు తమ పూర్వులను మహురి జమీందారు రాజమహేంద్రవర ప్రాంతమునుండి పిలిపించినాడని చెప్పుకొందురు. అది వినదగిన కథ, వ్రాసియుంచదగిన కథ. దానిని విన్నమాటగా వ్రాయవలెను, దస్తావేజు సాక్ష్యమును దస్తావేజుగా వ్రాయవలెను. రెండును ఒక్క సిరాతో వ్రాసినచో మనుమడు మోసపోవును.

కాగితములను కాపాడుట గూర్చి పలువురు మమ్మడుగుచున్నారు. అంటించు ప్లాస్టికు పలకలలో వేడిచేసి మూయింపకుడు. కొంతకాలమునకు లోపల కాగితము పాడగును, తీయుటకు వీలుండదు. చిరిగినచోట జిగురు పట్టీ అంటింపకుడు. మడతలు విప్పి, ఉతికిన నూలుగుడ్డలో చుట్టి, తేమ తగలని చోట నుంచుడు. తాటాకులకు సొంత వైద్యము వలదు. ఫోనుతో ఫోటో తీయునపుడు వెనుకవైపును కూడ తీయుడు. స్టాంపు కాగితము వెనుకనే కొన్నవాని పేరును, తేదీయు నుండును.

ఈ సంవత్సరము ప్రవేశ పత్రములో మన కమిటీవారు మూడు గడులు చేర్చించిరి. మొదటిది తండ్రివైపు ఇంటిపేరు, పొడి యక్షరము కాక పూర్తిగా తెలుగు లిపిలో. రెండవది తల్లి పుట్టింటి ఇంటిపేరు. మూడవది తెలిసినంతలో అన్నిటికంటె పాత స్వగ్రామము. గడిని ఖాళీగా విడిచినను ప్రవేశమునకు అభ్యంతరము లేదు. గొలుసుకట్టు వ్రాత చదువుట యెరిగిన పెద్దలు ముగ్గురు ఆదివారములందు ఉదయము గ్రంథాలయపు గదిలో కూర్చుండుట కంగీకరించిరి. అసలు దస్తావేజులు తేవలదు, నకలు చాలును. వెంట పిల్లలను తీసికొనిరండు. మొదటి వరుస వారిచేతనే చదివింతురు.